మేపుల్ చెట్టు కింద తెల్ల పుట్టగొడుగు: పక్కనున్న చెట్టును ఎంతవరకు నమ్మాలి?

అడవి పుట్టగొడుగులను గుర్తించమని నాకు వచ్చే నమూనాల్లో చాలావాటితో ఒక చీటీ కూడా వస్తుంది: "ఫలానా చెట్టు కింద దొరికింది." ఆ చీటీలో ఎంతో సమాచారం ఉంటుంది. దాన్ని తప్పు దిశలో వాడుకుంటే ప్రాణం మీదికి తెచ్చే గుణం కూడా దానికి ఉంది. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం అదే. మనుషులను, స్థలాన్ని పోల్చుకోగల వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఒక పాత, పెద్ద తోట. దాని బాగోగులు చూసే వ్యక్తికి పుట్టగొడుగులు కొత్త కాదు. పచ్చిక మధ్యలో ఏటా వచ్చే, తినదగిన అగారికస్ కాంపెస్ట్రిస్‌ను చాలాకాలంగా ఏరుకుంటున్నారు. ఆయన గుర్తులు కూడా సరైనవే: తెల్లటి టోపీ, లేతగా ఉన్నప్పుడు గులాబి రంగు మొప్పలు, ముదిరితే చాక్లెట్ రంగు, కాడ మీద పలచని ఉంగరం.

ఆ ఏడాది వానల తర్వాత పచ్చిక అంచున, మేపుల్ చెట్టు మొదలుకు దగ్గరగా తెల్ల పుట్టగొడుగులు వచ్చాయి. వాటినీ కోసి అదే బుట్టలో వేశారు. ఇంట్లో శుభ్రం చేస్తున్నవారికి కొన్నింటి మొప్పలు తేడాగా కనిపించాయి. పూర్తిగా విచ్చుకున్నా అవి తెల్లగానే ఉన్నాయి. ఫోటోలు నాకు పంపారు, ఆ వెంటనే నమూనాలూ పంపారు.

నేను మొదట అడిగింది పుట్టగొడుగు గురించి కాదు. "ఎవరైనా తిన్నారా?" అని. ఎవరూ తినలేదు. తిని ఉంటే గుర్తింపు పని పక్కన పెట్టి, ఒంట్లో బాగానే ఉన్నా సరే ఆసుపత్రికి వెళ్లమనేవాడిని. అమానిటా ఫాల్లాయిడిస్ అనే ప్రాణాంతక పుట్టగొడుగులోనూ, దాని దగ్గరి బంధువుల్లోనూ ఉండే అమాటాక్సిన్లు అనే విషాలు వెంటనే బయటపడవు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఏమీ అనిపించదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన కాస్త తేరుకున్నట్టు ఉంటుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆ వ్యవధిలో విషం కాలేయ కణాల్లో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2 అనే ఎంజైమును అడ్డుకుంటూ, ప్రొటీన్ల తయారీనే ఆపేస్తూ ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ విషం పోదు. ఒక్క టోపీలో ఉండే మోతాదు పెద్దవాళ్ల ప్రాణం తీయడానికి చాలు.

వచ్చిన సమస్య

నమూనాలు మూడు. ఒకటి నిస్సందేహంగా అగారికస్. మిగతా రెండూ తెల్ల మొప్పలవి. మొప్పలు కాడకు అంటుకోకుండా విడిగా ఉన్నాయి, కాడ మీద ఉంగరం ఉంది. టోపీ నున్నగా, పట్టులా మెరుస్తోంది. ముదిరినదాని నుంచి నిలవ తేనె లాంటి తియ్యటి వాసన వస్తోంది. కాడలు మాత్రం నేల మట్టానికి కోసేసి ఉన్నాయి. అడుగు భాగం లేదు.

కత్తితో కోయడం ఆయన అలవాటు. పీకితే నేలలోని శిలీంధ్రజాలం దెబ్బతింటుందని చాలామంది నమ్ముతారు, ఆయనా అంతే. స్విట్జర్లాండ్‌లో దాదాపు మూడు దశాబ్దాల పాటు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో కోసినా పీకినా తర్వాతి కాపులో తేడా రాలేదు. నేలను తొక్కడం వల్లనే కాపు తగ్గింది. తినడానికి ఏరేటప్పుడు కోసినా పర్వాలేదు, గుర్తించడానికి మాత్రం అడుగు లేని పుట్టగొడుగు సగం పుట్టగొడుగే. అమానిటాను పట్టించే సంచి లాంటి తొడుగు, అంటే వోల్వా, ఉండేది ఆ అడుగునే. అది తరచుగా మట్టిలోపలే ఉండిపోతుంది.

"చెట్టు ఏది?" అని అడిగాను.

"మేపుల్ అండి. మొదలుకు జానెడు దూరం కూడా లేదు. అనుమానమే లేదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. చిక్కంతా ఆ మాట నిజం కావడం వల్లే వచ్చింది.

చెట్టు సాక్ష్యం ఎటు లాగింది

చెట్ల వేళ్లతో శిలీంధ్రాలకుండే పొత్తుకు మైకోరైజా అనే పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, 1885లో. ఓక్, బీచ్, పైన్, బర్చ్, హేజెల్ వంటి చెట్లలో శిలీంధ్రం సన్నని వేరు కొసలను బయటి నుంచి తొడుగులా కప్పేస్తుంది. వేరు కణాల మధ్య సందుల్లో వల అల్లుకుంటుంది, కణాల్లోకి మాత్రం చొరబడదు. చెట్టు చక్కెరలు ఇస్తుంది, శిలీంధ్రం నీటినీ ఖనిజాలనూ అందిస్తుంది. అమానిటాలో ఎక్కువ జాతులు, ముఖ్యంగా ప్రాణాంతకమైనవి, ఈ బాహ్య మైకోరైజా కోవకు చెందినవే. తోడుచెట్టు లేకుండా అవి కాయవు.

మేపుల్ దారి వేరు. దాని వేళ్లతో పొత్తు పెట్టుకునే శిలీంధ్రాలు కణాల లోపలికి వెళ్తాయి, నేల మీద పుట్టగొడుగులు కాయవు. యాష్, చెర్రీ, ఆపిల్ చెట్లదీ ఇదే వరస. కాబట్టి మేపుల్ మొదట్లో పుట్టగొడుగు కనిపిస్తే అది మేపుల్ భాగస్వామి కాదు. కుళ్లే ఆకులనో కలపనో గడ్డినో తిని బతికే పూతికాహారి అయి ఉండాలి, లేదా చెట్టుకు పట్టిన పరాన్నజీవి అయి ఉండాలి.

ఈ తర్కాన్ని ఇంకొక్క అడుగు ముందుకు లాగితే హాయిగా ఒక సమాధానం దొరుకుతుంది. తెల్ల మొప్పలు, ఉంగరం, పచ్చిక, అమానిటాకు పనికిరాని చెట్టు. ఈ నాలుగూ కలిస్తే ల్యూకోఅగారికస్ ల్యూకోథైటిస్. తోటల్లో, పచ్చికల్లో పెరిగే పూతికాహారి అది. ఆయన దగ్గరున్న పుస్తకం కూడా ఆ పేరు దగ్గరే ఆగింది. ఆ పేరు విన్నప్పుడు నాకూ అది అసంభవం అనిపించలేదు. కానీ ఆ నాలుగింటిలో అమానిటాను నిజంగా తోసిపుచ్చుతున్నది చెట్టు ఒక్కటే. మిగతా మూడు లక్షణాలూ రెండింటికీ సరిపోతాయి. ప్రాణానికి సంబంధించిన నిర్ణయం మొత్తం ఒక్క ఆధారం మీద వేలాడుతుంటే, మొదట ఆ ఆధారాన్నే పరీక్షించాలి.

ప్రయత్నించినవి, ఫలించనివి

నా దగ్గరకు రాకముందే వాళ్లు కొన్ని ప్రయత్నాలు చేశారు. మొదటిది ఫోను యాప్. పైనుంచి తీసిన ఫోటోకు అది అగారికస్ అని చెప్పింది. తెల్లటి టోపీని పైనుంచి మాత్రమే చూస్తే అంతకుమించి చెప్పగలిగింది మనిషికైనా తక్కువే.

రెండోది సిద్ధబీజాల (మొప్పల నుంచి విత్తనాల్లా రాలే సన్నని పొడి) అచ్చు. టోపీని కోసి, మొప్పలు కిందికి వచ్చేలా రాత్రంతా కాగితం మీద ఉంచడం. ఆలోచన మంచిదే. "ఏమీ రాలలేదు" అని రాశారు. ఆ కాగితం తీసుకుని దీపానికి ఏటవాలుగా పట్టి చూడమన్నాను. మొప్పల గీతలన్నీ పొడిపొడిగా తెలుపు మీద తెలుపుగా ఉన్నాయి. రాలనిదేమీ లేదు, కనిపించలేదంతే. అందుకే నేను ఎప్పుడూ గాజు పలక వాడమంటాను. గాజునైతే తెల్ల కాగితం మీద ఒకసారి, నల్ల కాగితం మీద ఒకసారి పెట్టి చూడవచ్చు. పొడిని బ్లేడుతో కుప్పగా గీకితే అసలు రంగు తెలుస్తుంది.

మూడోదే నన్ను కలవరపెట్టింది. పుట్టగొడుగు రసం కాగితం మీద పిండి, ఆరాక ఆసిడ్ చుక్క వేస్తే నీలం రంగు వస్తుందని, వస్తే విషమని ఎవరో చెప్పారట. నీలం రాలేదు కాబట్టి ఇంట్లో ధైర్యం వచ్చింది. అది మైక్స్‌నర్ పరీక్ష. నిజమైనదే, కానీ దానికి రెండు షరతులున్నాయి. కాగితంలో లిగ్నిన్ అనే కలప పదార్థం ఉండాలి, అంటే నాసిరకం వార్తాపత్రిక కాగితం కావాలి. ఆసిడ్ గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. వీళ్లు వాడింది లిగ్నిన్ తీసేసిన తెల్లటి ప్రింటర్ కాగితం, బాత్రూం కడిగే పలుచని ఆసిడ్. ఆ కాగితం మీద ఎంత విషం పిండినా నీలం రాదు. షరతులన్నీ పాటించినా ఆ పరీక్షలో విషం లేనివాటికీ రంగు వచ్చే సందర్భాలున్నాయి. తినవచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబుగా దాన్ని నేను ఏనాడూ ఒప్పుకోను.

మలుపు

వాళ్లు పంపిన ఫోటోల్లో ఒకదాని మూలన, తెల్ల పుట్టగొడుగుకు కాస్త వెనక, ఊదా ఎరుపు టోపీ ఒకటి సగం కనిపించింది. దాన్ని ఎవరూ ఫోటో తీయాలనుకోలేదు, దానంతటది చట్రంలో పడింది. అదింకా అక్కడే ఉంటే మొదలంటా తవ్వి పంపమన్నాను. వచ్చింది. కాడను వంచితే పీచు లాగకుండా సుద్దముక్కలా పుటుక్కున విరిగింది. మొప్పలు పెళుసుగా, నొక్కితే రాలిపోయేలా ఉన్నాయి. సందేహం లేదు, రస్సులా.

దాన్ని జాతి వరకు గుర్తించలేదు, ఆ అవసరమూ లేదు. రస్సులాలు బాహ్య మైకోరైజా శిలీంధ్రాలు. తగిన చెట్టు వేరు అందకుండా అవి పైకి రావు. మేపుల్‌తో వాటికి పొత్తు లేదు. అయినా మేపుల్ మొదట్లో రస్సులా ఉందంటే, అక్కడి మట్టిలో ఇంకేదో చెట్టు వేళ్లున్నాయన్నమాట. ఒక్కసారిగా ల్యూకోఅగారికస్‌ను నిలబెట్టిన ఆధారం కూలిపోయింది. రస్సులాకు తోడుచెట్టు అందుతున్న చోట అమానిటాకూ అందవచ్చు.

ఆ రోజు నేను పంపిన జవాబులో పేరు లేదు. "ఆ వైపు నుంచి వచ్చినవేవీ తినకండి, బుట్టలో కలిసిన అగారికస్‌తో సహా పారేయండి" అని మాత్రమే ఉంది. ముట్టుకుంటే విషం ఎక్కదు. కానీ ఒకే బుట్టలో విరిగిన ముక్కలు కలిసిపోయాక ఏ ముక్క దేనిదో తేల్చడం కన్నా పారేయడమే తెలివి. గుర్తింపు పూర్తయ్యాక హెచ్చరిద్దామని ఆగేవాళ్లున్నారు. నేను ఆగను. అనుమానం పుట్టిన క్షణమే హెచ్చరిక పంపడానికి తగిన సమయం.

నేల మీద వెతుకులాట

తర్వాత తోటకు వెళ్లాను. మేపుల్‌కు అవతల ఒక గోడ. ఆయన లెక్కలో తోట అక్కడితో అయిపోతుంది. గోడ అవతల, వేరొకరి స్థలంలో, పెద్ద ఓక్ ఉంది. దాని కొమ్మలు గోడ దాకా రావు కాబట్టి ఆయన దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. చెట్టు వేళ్లు కొమ్మల నీడ దగ్గర ఆగిపోవు, ఆ అంచు దాటి చాలా దూరం పోతాయి. బాట పక్క కాలువలో ఒక ఓక్ కాయ చిప్ప దొరికింది. దాన్ని నేను ఆధారంగా తీసుకోలేదు, ఏ ఉడుతో తెచ్చి ఉండవచ్చు.

పుట్టగొడుగు వచ్చిన చోట చిన్న గుంట తవ్వి, మట్టిపెళ్లను నీళ్లలో నానబెట్టి, తెల్లటి పళ్లెంలో సన్నని వేళ్లను విడదీశాను. పదింతలు పెద్దగా చూపే భూతద్దం చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మేపుల్ సన్నవేళ్లు సహజంగానే పూసలు గుచ్చినట్టు ఉబ్బుగా ఉంటాయి. బాహ్య మైకోరైజాను పుస్తకంలో తప్ప చూడనివాళ్లు వాటిని చూసి దొరికిందనుకుంటారు. నేను వెతికింది ఉబ్బును కాదు, కొసను. పళ్లెంలో రెండు రకాల వేళ్లు తేలాయి. పూసల వేళ్లు ఒక రకం. రెండో రకంలో ప్రతి చిన్న వేరు కొసా గుండ్రంగా, నున్నగా, నూగు లేకుండా, పాలిపోయిన తొడుగుతో కప్పి ఉంది. ఆ కొసలు పొట్టి కొమ్మల్లా గుంపుగా చీలి ఉన్నాయి. పైన్ అయితే కొస రెండుగా చీలి కవల కొమ్మలా కనిపిస్తుంది, ఇవి అలా లేవు. ఈ రెండో రకం వేరును వెనక్కి పట్టుకుంటూ పోతే అది లావెక్కుతూ గోడ వైపే వెళ్లింది.

దీనితో తేలిందెంత? ఓక్ వేరు మేపుల్ మొదట్లో ఉంది, దానికి ఏదో ఒక శిలీంధ్రం తొడుగు వేసి ఉంది. అంతవరకే. ఒక ఓక్ వేళ్ల మీద ఎన్నో జాతుల శిలీంధ్రాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. ఆ తొడుగు మన తెల్ల పుట్టగొడుగుదేనని భూతద్దంలో చూసి చెప్పడం సాధ్యం కాదు.

అసలైన ముక్క ఆ పక్కనే దొరికింది. ఇంకా విచ్చుకోని మొగ్గ ఒకటి. దాన్ని చుట్టూ మట్టితో సహా వెడల్పాటి కత్తితో పైకి లేపాను. వేళ్లతో మట్టి రాలిస్తే కాడ అడుగున పలచని, తెల్లని సంచి బయటపడింది. అంచు చిరిగి, కాడకు వదులుగా ఉంది. మొగ్గను నిలువునా కోస్తే లోపల టోపీ, మొప్పలు, కాడ ఆకారం దిద్దినట్టుగా కనిపించాయి. మొగ్గ దశలో అమానిటాను తెల్లటి ఉండలా కాసే పఫ్‌బాల్‌తో పొరబడేవాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే: నిలువుగా కోయండి, లోపల బొమ్మ కనబడితే అది పఫ్‌బాల్ కాదు.

నిర్ధారణ

సంచి కనబడ్డాక మిగిలినవి లాంఛనాల్లాగే అనిపిస్తాయి, అయినా వరసగా చేశాను. గాజు మీద పడిన పొడి తెల్లన. దీనితో చాక్లెట్ రంగు పొడి రాల్చే అగారికస్, గులాబి పొడి రాల్చే వోల్వేరియెల్లా, పచ్చటి పొడి రాల్చే క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ పక్కకు తప్పుకున్నాయి. వోల్వేరియెల్లాను తోసిపుచ్చడం ముఖ్యం, దానికీ అడుగున సంచి ఉంటుంది. కాకపోతే దాని కాడకు ఉంగరం ఉండదు.

ఆ తెల్ల పొడి మీద అయోడిన్ ఉండే మెల్జర్ ద్రావణం వేసి సూక్ష్మదర్శినిలో చూశాను. ల్యూకోఅగారికస్ ల్యూకోథైటిస్ సిద్ధబీజాలైతే ఎర్రటి గోధుమ రంగుకు తిరగాలి. ఇవి నీలి బూడిద రంగుకు తిరిగాయి. టోపీ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే రంగు మారలేదు. మరో తెల్లటి ప్రాణాంతక జాతి అమానిటా విరోసా అయితే పసుపు రావాలి. ఎండబెట్టిన ముక్కను, తొడుగున్న వేరు కొసలను వేర్వేరు పొట్లాల్లో డీఎన్‌ఏ పరీక్షకు పంపాను. శిలీంధ్రాలను పోల్చడానికి 2012 నుంచి ప్రామాణికంగా వాడుతున్న ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్నే అక్కడ చదివారు. రెండు పొట్లాలకూ ఒకే జవాబు వచ్చింది: అమానిటా ఫాల్లాయిడిస్. మామూలుగా దాని టోపీకి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, ఇది దాని తెల్ల రూపం. కొసల మీది తొడుగు దానిదే, అది కాపురం చేస్తున్నది గోడ అవతలి ఓక్‌తోనే.

ఏం చేశాం

మొదట ఆయన అడిగింది మందు కొట్టవచ్చా అని. ప్రయోజనం లేదని చెప్పాను. నేల మీద కనిపించేది శిలీంధ్రం కాపు మాత్రమే. అసలు శరీరం ఓక్ వేళ్ల వెంట మట్టిలో అల్లుకుని ఉంటుంది, ఓక్ బతికున్నంతకాలం అది ఉండవచ్చు. మేపుల్‌ను కొట్టేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. పాపం, ఈ మొత్తం వ్యవహారంలో దానికి ఏ సంబంధమూ లేదు.

చివరికి చేసింది చిన్న పని. కాపు కాలంలో ఆ అంచున వచ్చినవాటిని సంచితో సహా తవ్వి తీసేయడం, పిల్లలు ఆడుకునే చోటును, కుక్కలను తిప్పే దారిని దూరం జరపడం. పచ్చిక నడిమధ్య అగారికస్‌ను ఏరడం కూడా ఆపమన్నాను. ఓక్ వేళ్లు ఎంతవరకు వచ్చాయో తెలియని నేలలో లేత మొగ్గలను ఏరడం నాకు నచ్చలేదు. ఇది అతిజాగ్రత్త అని ఆయన అన్నారు, కావచ్చు.

ఈ కేసు నుంచి నా పద్ధతిలోకి వచ్చినవి

నమూనా చీటీలో "ఏ చెట్టు కింద" అన్న ప్రశ్న తీసేశాను. దాని బదులు, నిలబడిన చోటి నుంచి నాలుగు దిక్కులా కనిపించే చెట్లన్నీ రాయమంటున్నాను, గోడలు, కంచెలు, బాటల అవతలివి కూడా. దగ్గర్లో ఇంకే పుట్టగొడుగులున్నాయో వాటినీ ఫోటో తీయమంటున్నాను. ఈ కేసులో ఎర్ర రస్సులా చెప్పినంత సూటిగా మరేదీ చెప్పలేదు.

చెట్టు సాక్ష్యాన్ని ఒకే దిశలో వాడతాను. దగ్గర్లో ఓక్ ఉందంటే అనుమానం పెంచుతాను. ఓక్ లేదన్నందుకు అనుమానం తగ్గించను. లేదన్న మాటకు అర్థం చాలాసార్లు చూడలేదనే. పైగా తోడుచెట్ల జాబితాలు మూసిన పుస్తకాలు కావు. యూరప్‌కు చెందిన ఈ శిలీంధ్రం నాటిన చెట్ల వేళ్లతో పాటు ఇతర ఖండాలకు చేరింది. కాలిఫోర్నియాలో అక్కడి స్థానిక ఓక్‌తో కలిసిపోయింది, వాంకూవర్‌లో వీధుల వెంట నాటిన హార్న్‌బీమ్‌ల కింద కాస్తోంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో నాటిన ఓక్‌ల కింద వస్తుంది, 2012లో అక్కడ దాన్ని తిని ఇద్దరు చనిపోయారు.

అడుగు భాగం లేని తెల్ల మొప్పల నమూనా వస్తే ఇప్పుడు పేరు ఊహించను. తిరిగి వెళ్లి తవ్వి తెమ్మంటాను. విసుక్కుంటారు, తెస్తారు.

ఈ మధ్య ఆయన మళ్లీ ఫోను చేశారు. మేపుల్ పక్కన ఖాళీగా ఉన్న చోట హేజెల్ మొక్కలు నాటాలనుకుంటున్నారట. హేజెల్ కూడా ఈ అమానిటాకు పనికొచ్చే చెట్టే. ఓక్ వేళ్ల నుంచి దాని వేళ్లకు శిలీంధ్రం పాకడానికి అడ్డేమీ ఉండదు. హేజెల్ వద్దని, చెర్రీనో మరో మేపులో పెట్టమని చెప్పాను. చెర్రీ వైపు మొగ్గారు.